వాచ్ ఛార్జింగ్ ఆగట్లేదా? ముందు సెట్టింగ్స్ చూడండి

ఎడిటర్ గారికి,

స్మార్ట్ వాచ్ ఛార్జింగ్ పూట కూడా ఆగట్లేదని షాపుకు తీసుకెళ్తే చాలాచోట్ల తెరిచి కూడా చూడకుండా ‘బ్యాటరీ పోయింది, కొత్తది కొనండి’ అంటున్నారు. ఇది అన్యాయం. చాలాసార్లు లోపం బ్యాటరీది కాదు. స్క్రీన్ ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే, రాత్రంతా రక్తంలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్, వాకింగ్‌లో జీపీఎస్, పైగా వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి గుడ్ మార్నింగ్‌కీ మోగే వైబ్రేషన్, ఇవన్నీ కలిసి ఛార్జింగ్‌ని తాగేస్తాయి. అవసరం లేనివి ఒక్కొక్కటిగా ఆపి, ఒక్కోదానికి ఒక రోజు గమనిస్తే దొంగ దొరుకుతాడు. అన్నీ ఒకేసారి ఆపేస్తే ఏది కారణమో తెలియదు.

బయట నుంచి దించుకున్న వాచ్ ఫేస్ (టైమ్ చూపించే స్క్రీన్ డిజైన్) ఉంటే తీసేసి, కంపెనీ ఇచ్చినదే పెట్టి చూడండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన కొత్తలో ఒకటి రెండు రోజులు ఎక్కువ తాగడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు, ఒకసారి రీస్టార్ట్ చేస్తే చాలు. యాపిల్ వాచ్‌లో అయితే సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్, అంటే కొత్తప్పటితో పోలిస్తే బ్యాటరీ సామర్థ్యం ఎంత మిగిలిందో, కనిపిస్తుంది, అది 80 శాతం కంటే తగ్గితే అప్పుడు నిజంగా బ్యాటరీ మార్చే సంగతి ఆలోచించాలి. వాచ్ ఉబ్బినా, స్క్రీన్ పైకి లేచినా మాత్రం వెంటనే వాడకం ఆపేయాలి, ఛార్జింగ్ అసలు పెట్టొద్దు.

కంపెనీలకు నాదొక డిమాండ్. ‘7 రోజుల బ్యాటరీ’ అని డబ్బా మీద పెద్దక్షరాలతో వేసేటప్పుడు, ఏయే ఫీచర్లు ఆపితే అన్ని రోజులు వస్తుందో పక్కనే అంతే పెద్దగా తెలుగులో కూడా వేయాలి.

- ఒక పాఠకురాలు, ఖమ్మం