శనివారం పార్టీ: కుక్కలకు చాక్లెట్ పెట్టొద్దు

అందరికీ నమస్కారం.
శనివారం సాయంత్రం 6కి క్లబ్‌హౌస్‌లో పిల్లల పార్టీ. కేకు, చాక్లెట్లు బోలెడు. కుక్కలు లేనివాళ్లూ ఇది చదవండి, ఎందుకంటే ముద్దొచ్చి ముక్క పెట్టేది ఎక్కువగా వాళ్లే!

చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థం మనకు త్వరగానే అరిగిపోతుంది. కుక్కకు మాత్రం గంటల తరబడి ఒంట్లోనే ఉండిపోతుంది. డార్క్ చాక్లెట్, కోకో పౌడర్ మరీ ప్రమాదం. 10 కిలోల కుక్కకు 50 గ్రాముల డార్క్ చాక్లెట్ చాలు, వాంతులు మొదలవడానికి. గేటు దగ్గర తిరిగే కుక్కపిల్లలకైతే అందులో చిన్న ముక్కే ఎక్కువ.

కుక్క చాక్లెట్ తింటే కనిపించే లక్షణాలు: వాంతులు, ఆయాసం, కుదురు లేకుండా తిరగడం, మాటిమాటికీ మూత్రం, వణుకు. ముదిరితే ఫిట్స్. ఇవి బయటపడటానికి 6 నుంచి 12 గంటలు పట్టొచ్చు. కాబట్టి "బాగానే ఉందిగా" అని ఊరుకోకండి, వెంటనే పశువుల డాక్టర్‌కు ఫోన్ చేయండి. రేపర్ పారేయకండి, ఏం తిందో, ఎంత తిందో డాక్టర్ అడుగుతారు. ఉప్పునీళ్లు పట్టించి కక్కించొద్దు, దాంతో ఇంకో ప్రమాదం.

కిస్‌మిస్ వేసిన కేకు కూడా పెట్టొద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి.

తిన్న ప్లేట్లు మూత ఉన్న డబ్బాలోనే వేయండి. పిల్లలకు ఈరోజే చెప్పండి. చదివినవాళ్లు ఒక థంబ్ పెట్టండి.