ప్రెసిడెంటుగారంటే ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

మార్చి 8న మా మండలంలో మహిళా దినోత్సవ సభ జరిగింది. సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి నన్నూ పిలిచారు. ఒక వక్త మంచి ఊపులో "ప్రపంచంలోనే మొట్టమొదటి మహిళా ప్రధాని మన ఇందిరాగాంధీ" అనేశారు. చప్పట్లు మోగాయి. నా పక్కనున్న తొమ్మిదో తరగతి పిల్ల ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే ఉండబట్టలేక, "కాదమ్మా, సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, సిరిమావో బండారనాయకే. 1960 జూలై 21న ప్రధాని అయింది. ఇందిర అయింది 1966 జనవరిలో" అన్నాను. "ఆవిడెవరు టీచర్?" అని అడిగింది. మైకు హోరులో జవాబు చెప్పడం కుదరలేదు. అదేదో మీ పత్రికలోనే చెబుదామని ఈ ఉత్తరం.

మా తరానికి సిలోన్ అంటే రేడియోలో తెలుగు పాటలు వచ్చే ఊరు. ఆ దేశాన్ని ఒక ఆడమనిషి ఏలుతోందని మా నాన్నగారు చెబితే నమ్మబుద్ధి కాలేదు. నిజానికి అక్కడ ఆడవాళ్లకు, మగవాళ్లకు సమానంగా 1931లోనే ఓటు వచ్చింది. మనకంటే ఎంత ముందో చూడండి.

ఆమె 1916లో రత్నపుర ప్రాంతంలో పెద్ద జమీందారీ కుటుంబంలో పుట్టింది. అసలు పేరు సిరిమా. చివరి 'వో' గౌరవం కోసం చేర్చేది, మనం 'గారు' అన్నట్టు. 1940లో సోలమన్ బండారనాయకేతో పెళ్లయింది. భర్త రాజకీయాల్లో మునిగి ఉంటే ఆమె లంకా మహిళా సమితి తరఫున పల్లెలు తిరిగింది. వ్యవసాయం, ఆరోగ్యం, ఆడవాళ్ల సంపాదన గురించి అక్కడి ఆడవాళ్లతో కలిసి పనిచేసింది. ఇంటికొచ్చిన నాయకులకు మర్యాదలు చేసిన ఇల్లాలని ఆమె గురించి రాసేవాళ్లు ఈ సంగతి చాలాసార్లు దాటేస్తారు. తర్వాత ఓట్లు పడ్డది ఆ పల్లెల్లోనే.

1956లో భర్త ప్రధాని అయ్యాడు. 1959 సెప్టెంబరు 25న సొంత ఇంటి వరండాలో ఒక బౌద్ధ భిక్షువు ఆయన్ని కాల్చాడు. మర్నాడు ప్రాణం పోయింది. ముగ్గురు పిల్లలు, చిన్నవాడికి పదేళ్లు. పార్టీ చెల్లాచెదురై 1960 మార్చి ఎన్నికల్లో ఓడింది. గెలిచినవాళ్ల ప్రభుత్వం నెల రోజులకే కూలింది. జూలైలో మళ్లీ ఎన్నికలొచ్చేసరికి పార్టీ పగ్గాలు ఈమె చేతికొచ్చాయి. సభల్లో భర్త ప్రసంగాల రికార్డులు వేసి వినిపించేవారట. పత్రికలు ఆమెకు 'ఏడ్చే వితంతువు' అని పేరు పెట్టాయి. 151 స్థానాల్లో పార్టీకి 75 వచ్చాయి. తాను పోటీ చేయలేదు, ప్రధాని అయ్యాకే పార్లమెంటు ఎగువ సభ సెనేట్‌లోకి వచ్చింది.

భర్త పేరు మీదే వచ్చింది, నిజమే. వచ్చాక కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నదే నాకు ముఖ్యం. రెండేళ్లకే పోలీసు, సైనికాధికారులు కొందరు కుట్ర చేస్తే పసిగట్టి పట్టుకున్నారు. విదేశీ చమురు కంపెనీలను ప్రభుత్వంలో కలిపితే అమెరికా సాయం ఆపేసింది. ఆమె వెనక్కి తగ్గలేదు. 1962లో చైనా మన మీదకొచ్చినప్పుడు ఆ డిసెంబరులో కొలంబోలో ఏ కూటమిలోనూ చేరని ఆరు అలీన దేశాలను కూర్చోబెట్టింది. అక్కడ తయారైన రాజీ ప్రతిపాదనలు పట్టుకుని తనే పెకింగ్‌కీ (ఇప్పటి బీజింగ్) ఢిల్లీకీ వెళ్లింది. 1964లో ఒక పెద్ద పత్రికా సంస్థను ప్రభుత్వం చేతిలోకి తీసుకోబోయి, సొంతవాళ్లే అడ్డం తిరిగితే పార్లమెంటులో ఒక్క ఓటుతో ఓడింది. పత్రిక నడిపేవారు కాబట్టి ఇది మీకు చెప్పాలనిపించింది. ఆ పంతం ఆమె వదల్లేదు. 1970లో మళ్లీ గెలిచి, 1973లో సాధించింది.

ఆమెను దేవతను చేసి దండ వేయడం మాత్రం నావల్ల కాదు. సింహళమే అధికార భాష అన్న చట్టం భర్త కాలంలో వచ్చింది. 1961 నుంచి దాన్ని గట్టిగా అమలు చేసింది ఈమె. ఉత్తరాన తమిళులు సత్యాగ్రహం చేస్తే అత్యవసర పరిస్థితి పెట్టి సైన్యాన్ని దించింది. 1964లో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారితో కుదుర్చుకున్న ఒప్పందంలో అక్కడి తేయాకు తోటల్లో పనిచేసే భారత సంతతి తమిళులను పంచుకున్నారు. 5,25,000 మంది భారత్‌కు, 3,00,000 మంది సిలోన్‌కు. మిగిలిన 1,50,000 మంది సంగతి 1974లో ఇందిరతో కూర్చుని చెరి సగం అనుకున్నారు. ఆ పంపకంలో ఇండియా మొహం ఎరగని వాళ్లు ఎందరో. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి, అన్నీ పోగొట్టుకుని నడిచొచ్చిన వాళ్ల కథలు మన శ్రీకాకుళం ఇళ్లలో విన్నవాళ్లకు ఆ అంకెల బరువు నేను వేరే చెప్పక్కర్లేదు. 1971 ఏప్రిల్‌లో సింహళ యువకులే తిరగబడితే వేలమంది చచ్చిపోయారు. మన శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన పోరాటం అణిగిపోయిన రోజులూ దాదాపు అవే.

1977లో పార్టీకి ఎనిమిది సీట్లే మిగిలాయి. 1980లో ఏడేళ్లపాటు ఆమె పౌరహక్కులే తీసేశారు. అయినా ఇంట్లో కూర్చోలేదు. 1988లో అధ్యక్ష పదవికి నిలబడి ఓడింది. 1994లో కూతురు చంద్రిక అధ్యక్షురాలైతే, 78 ఏళ్ల వయసులో మూడోసారి ప్రధాని అయింది. 2000 అక్టోబరు 10న, ఎన్నికల రోజు, ఓటేసి తిరిగొస్తుంటే గుండె ఆగిపోయింది.

ఇక మా సభకొస్తాను. తప్పు చెప్పిన వక్త మీద నాకు పెద్ద కోపమేమీ లేదు, అలాంటి తప్పులు మేమూ చేశాం. వేదిక మీద 'సర్పంచ్' అని రాసిన బోర్డు ముందు సర్పంచ్ భర్త కూర్చున్నారు. సర్పంచ్ మా వెనక మూడో వరసలో, చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మహిళా దినోత్సవం నాడు! ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. మా ఊళ్లో ప్రెసిడెంటుగారంటే ఆయనే. ఓట్లు పడ్డావిడ ప్రెసిడెంటుగారి భార్య.

మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్లవి. కాగితం మీద చూస్తే గొప్పే. బిల్లులు చెల్లించే డిజిటల్ కీ భర్త జేబులో ఉంటుంది, మండల సమావేశానికి ఆయనే వస్తాడు, తీర్మానాల పుస్తకం మాత్రం సంతకానికి వంటింట్లోకి వెళుతుంది. లెక్క తేడా వస్తే నోటీసు ఎవరి పేరున వస్తుందో తెలుసు కదా. సిరిమావో చేసిన మంచీ చెడూ ఆమె ఖాతాలోనే పడ్డాయి. మా సర్పంచ్‌కు తాను చేయని తప్పు కూడా తన ఖాతాలోనే పడుతుంది. ఆవిడకు చేతకాదని భర్తలు చెబుతారు. కూర్చోనివ్వకుండా చేతనవుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

సభ అయ్యాక ఆవిడే నా దగ్గరకొచ్చింది. "కాలనీ బోరు మోటారు కాలిపోయి పన్నెండు రోజులయింది టీచర్‌గారూ. ఇంజనీరుగారు వేదిక మీదే ఉన్నారు గానీ అడగడానికి వీలు పడలేదు" అంది. ఎన్ని ఇళ్లకు నీళ్లు లేవో, ఏ వీధివాళ్లు ఎక్కడినుంచి మోసుకుంటున్నారో గడగడా చెప్పింది. మైకు పట్టుకున్న అరడజను మందిలో ఒక్కరి నోటా ఆ బోరు మాట రాలేదు.

మండల అధికారులను నేను కోరేది చిన్న పని. సమావేశం మొదలుపెట్టే ముందు హాజరు పుస్తకంలో ఉన్న మనిషే కుర్చీలో ఉందా అని ఒకసారి చూడండి. లేకపోతే ఆవిడ వచ్చేదాకా ఆగండి. భర్తగారికి కింద కుర్చీ వేయించండి, మూడో వరసలో ఖాళీ ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ టీచర్,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా