ఆదివారం మాట్లాడుకుందాం
అందరికీ నమస్తే. ఒక్క చావుతో జనం ఎట్లా లేస్తారని నిన్న ఒక తమ్ముడు గ్రూపులో అడిగిండు. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు ఒరిగాడు. కానీ కోపం అంతకుముందు నుంచే ఉంది: వెట్టి, భూముల గుంజివేత. ఆ మాట వస్తే చాలు, దొర మనుషుల మీద చల్లేందుకు ఆడోళ్లు కొంగున కారంపొడి ఎట్లా ముడేసుకునేవాళ్లో మా నాయనమ్మ తన కొంగుతోనే చూపించేది.

ట్యునీషియాలోనూ అంతే. 2010 డిసెంబర్‌లో పండ్లమ్ముకునే బువాజిజీ, అధికారులు తన తక్కెడ లాక్కుంటే ఒంటికి నిప్పంటించుకున్నాడు. జనం లేచారు. జనవరి 14కు ఆ దేశాధ్యక్షుడు బెన్ అలీ దేశం వదిలి పోయాడు.

తర్వాతి కథ మాత్రం ఒక్కతీరుగా లేదు. మన దగ్గర 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1952 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిపించింది. అక్కడ 2021 నుంచి అధికారం మళ్లీ ఒక్కరి చేతిలోకే పోయింది. నాకు దీని మీదే బాధ. ఆదివారం 5 గంటలకు లైబ్రరీకి రండి, ఇంట్లో పెద్దోళ్లను కూడా తోలుకరండి.