అప్పడాల రేటు ఎందుకు పెంచుతున్నామంటే

బరంపురంలో మా కొట్టుకు వచ్చేవాళ్లకీ, ఫోన్లో ఆర్డరిచ్చేవాళ్లకీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి చేత్తో ఒత్తిన మినప అప్పడాలు కిలోకి 40 రూపాయలు పెరుగుతాయి. ఊరగాయల రేట్లు మారవు.

పన్ను మీదకి తోసేద్దామంటే అప్పడాలకి జీఎస్టీయే లేదు! పెరిగింది ఒత్తుడు కూలి. చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు పొద్దున్నే పిండి పట్టుకెళ్లి, ఒత్తి ఆరబెట్టి, సాయంత్రానికి తూకం వేసి అప్పజెబుతారు. వాళ్లలో చాలామంది ఇంటి మగవాళ్లు సూరత్ పవర్‌లూమ్‌లలో ఉన్నారు. మా గంజాం జిల్లాలో ఇదేం కొత్త కాదు. అక్కణ్నుంచి డబ్బులొస్తుంటే, "పాత కూలికి మా నడుములెందుకు పోగొట్టుకోవాలి బాబూ?" అని అడిగారు. అడగాల్సిందే. ఆ సూరత్ డబ్బయినా ఊరికే రావట్లేదు. పన్నెండేసి గంటల షిఫ్టు, నేసిన మీటర్ల లెక్కన జీతం, చెవులు గింగురుమనే మోత. వాళ్లు తిని పడుకునే మెస్‌లో ఒకడు డ్యూటీకి లేచిపోతే, డ్యూటీ దిగొచ్చినవాడు అదే చోట నడుం వాలుస్తాడు.

2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీల్ని ఇళ్లకి చేర్చే శ్రామిక్ రైళ్లు మా జిల్లాలోని జగన్నాథ్‌పూర్ స్టేషన్‌కి వచ్చినప్పుడు, వీళ్లిక తిరిగి వెళ్లరనుకున్నాం. ఇద్దరు ముగ్గుర్ని మా కొట్టులోనే ఉండమన్నాను కూడా. మామూలు రైళ్లు మొదలవగానే వెళ్లిపోయారు. అక్కడ వచ్చేదాంట్లో సగం కూడా నేనివ్వలేను, దాచేదేముంది?

నిజానికి మా బేరంలో పెద్ద వాటా ఆ రైలెక్కే సంచుల్లోదే. సెలవుకొచ్చిన కుర్రాళ్లు తిరిగి వెళ్తూ అప్పడాలు, ఆవకాయ కట్టించుకుపోతారు. అక్కడ మగ్గాలు ఆగితే ఇక్కడ నా గల్లాపెట్టె ఖాళీ. అలాంటప్పుడు వాళ్లింటి ఆడవాళ్ల కూలి దగ్గర గీచి గీచి బేరమాడటం నాకు నచ్చలేదు.

మెషీన్ పెట్టమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. పిండి కలపడానికి పెడుతున్నాం, ఒత్తడానికి మాత్రం కాదు. మెషీన్ అప్పడం మీకు నచ్చితే బజారులో బోలెడు దొరుకుతుంది, మాకంటే చవక కూడా.

మా దగ్గర సరుకు తెప్పించుకునే సూరత్ మెస్‌లవాళ్లకి ఒక మాట. జీతాలు పడ్డాక ఇస్తామంటే ఇకమీద కుదరదు. మేం ఒత్తుడు కూలి తూకం వేసిన రోజే ఇచ్చేస్తాం కనక సరుకు డబ్బులో సగం ముందే పంపాలి. ముసురు పట్టిన వారం మాత్రం డబ్బు పంపకముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఎండ లేకపోతే సరుకుండదు.