ఈడేల్‌లోని ఆ పెద్దావిడకి, మిగతా అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మావారికి ఆపరేషన్ బాగానే అయింది, ఇంటికి తీసుకొచ్చేశాం. కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని ఇప్పుడే నిద్రపోయారు. ఫోన్లు చేసిన వాళ్ళకీ, మెసేజ్‌లు పెట్టిన వాళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. సరిగ్గా నిద్ర లేదు. ముందుది వెనకా, వెనకది ముందూ వస్తే సర్దుకుని చదువుకోండి.

చాలామందికి మేం ఇంగ్లండులో, షెఫీల్డ్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నామనే తెలుసు, కొండలకెందుకు వెళ్ళామో తెలియదు. షెఫీల్డ్ నుంచి మాంచెస్టర్ వెళ్ళే రైలు దారిలో, అరగంట దూరంలో ఈడేల్ అనే చిన్న పల్లెటూరుంది. చుట్టూ కొండలు, మధ్యలో ఊరు. ఒక చర్చి, ఒక బడి, రెండు పబ్బులు, కాసిని రాతి ఇళ్ళు, మిగతాదంతా గొర్రెలు. మావారు రిటైరైన సోషల్ మాస్టారు కదా, ఆ ఊరి పేరు ఆయనకి ఎప్పటినుంచో తెలుసు. 1932 ఏప్రిల్ 24న మిల్లుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ పనిచేసే కుర్రాళ్ళు వందలమంది అక్కడి కిండర్ స్కౌట్ కొండెక్కారట. అప్పట్లో ఆ కొండ భూస్వాములది. వాళ్ళు వేటాడే పక్షుల కోసం కాపలావాళ్ళని పెట్టి జనాన్ని రానిచ్చేవారు కాదు. బెన్నీ రోత్‌మన్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు ముందు నడిచాడు, ఐదుగురు జైలుకి వెళ్ళారు. ఆ తర్వాత 1951లో ఆ ప్రాంతమే ఈ దేశంలో మొదటి నేషనల్ పార్క్ అయింది. ఇదంతా ఆయన రైల్లో నాకు చెప్పారు, నాతోపాటు ఎదురుగా కూర్చున్న వాళ్ళక్కూడా చెప్పారు.

ఊళ్ళో ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పబ్బు దగ్గర పెన్నైన్ వే అనే కాలిబాట మొదలవుతుంది. స్కాట్లండ్ లోపల కిర్క్ యెథామ్ అనే ఊరి దాకా 268 మైళ్ళట. మేం నడుద్దామనుకున్నది అందులో మొదటి ముక్క మాత్రమే. పొలాల్లోంచి అప్పర్ బూత్ అనే నాలుగిళ్ళ చోటుకి, అక్కణ్ణుంచి జేకబ్స్ లాడర్ అనే రాతిమెట్ల దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి రైలెక్కడం. కొండ పైదాకా వెళ్ళే ఆలోచనే లేదు.

ఆ నడక గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పడిపోయేదాకా అంత హాయిగా నేనెప్పుడూ నడవలేదు. ఎవరి పొలంలోంచో దర్జాగా నడిచిపోవచ్చు. బాట మీద నడిచే హక్కు అందరికీ ఉంటుంది, గేటు తీసినవాళ్ళు మళ్ళీ వేసి వెళ్ళాలి, అంతే. మన దగ్గర అయితే గట్టు మీద కాలు పెడితే ఎవరబ్బాయివని అడుగుతారు. సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు కొండ మీద దాకా పాకిపోయి ఉన్నాయి. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు, వాటి ఒంటి మీద రంగుతో అంకెలు. తల్లికీ పిల్లకీ ఒకే అంకె వేస్తారట, తప్పిపోతే కలపడానికి. మావారు ఒక పదిహేడు నంబరు పిల్లకి వాళ్ళమ్మని వెతికిపెట్టే దాకా కదల్లేదు. నేను చీర కట్టుకుని, స్పోర్ట్స్ షూ వేసుకుని, పైన అమ్మాయి రెయిన్‌కోటు తొడుక్కున్నాను. ఎదురుపడిన ప్రతివాళ్ళూ పలకరించారు, ఒక్కరూ వింతగా చూడలేదు.

జేకబ్స్ లాడర్ కింద చిన్న రాతి వంతెన, దాని కింద వాగు. పూర్వం గుర్రం మీద సరుకు వేసుకుని తిరిగే జేకబ్ అనే ఆయన, గుర్రాన్ని చుట్టుదారిన పంపి, తను నిటారుగా మెట్లు తొలుచుకుని ముందే పైకెక్కి, అది వచ్చేలోపు తాపీగా పైపు కాల్చుకునేవాడని చెప్పుకుంటారు. మెట్లెక్కాం, ఫొటోలు తీసుకున్నాం, దిగుతున్నాం. సన్నగా జల్లు మొదలైంది. తడిసిన రాయి మీద ఆయన కాలు జారింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయారు. చూస్తే పాదం ఉండాల్సిన వైపు లేదు.

ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. కింద ఒక్క ఇల్లు కనిపించడం లేదు. నా ఇంగ్లీషు సంగతి మీకు తెలిసిందే, టెన్షన్లో ఉన్న ఆ నాలుగు ముక్కలూ పోయాయి.

అప్పుడొచ్చారు ఆవిడ, పై నుంచి, ఒక కుక్కతో. డెబ్బై దాటి ఉంటాయి. పేరు రాయొద్దన్నారు, కాబట్టి పెద్దావిడ అనే రాస్తాను. ఏమైందని అడగలేదు, చూడగానే అర్థమైపోయింది. బ్యాగులోంచి మడత చాప తీసి ఆయన్ని దాని మీదికి జరిపారు, తళతళలాడే రేకు దుప్పటి కప్పారు. నేను షూ విప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. మా వెనకాలే దిగుతున్న ఇద్దరు కుర్రాళ్ళని పిలిచి, మ్యాపు చూసి మేమున్న చోటు నంబరు ఒకడి అరచేతి మీద పెన్నుతో రాశారు. ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి చేసి ముందు పోలీసులని అడగాలి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ, అంటే కొండల్లో చిక్కుకున్నవాళ్ళని కాపాడేవాళ్ళు, కావాలని చెప్పాలి, అలా అయితేనే సరైన వాళ్ళకి కలుపుతారని వాడిచేత రెండుసార్లు చెప్పించి మరీ పంపారు. వాడు ఆ మెట్ల మీద లేడిపిల్లలా దూకుతూ పోయాడు.

ఆ తర్వాత ఆవిడ చేసింది చాలా చిన్న పని. గాలి ఎటు నుంచి కొడుతోందో చూసుకుని, అటువైపు, మావారికి అడ్డంగా, గాలికి వీపు పెట్టి కూర్చున్నారు. రెస్క్యూ వాళ్ళు వచ్చేదాకా అలాగే ఉన్నారు. ఆ కొండ గాలి ఎలా ఉంటుందో చెప్పలేను, చెవుల్లోకి సూదులు దిగుతున్నట్టు ఉంది. ఆవిడ కోటు వెనకవైపంతా నల్లగా తడిసిపోయింది. మధ్యలో నా చేతులు చూసి తన గ్లౌజులు తీసి నాకు తొడిగారు. షుగరుందా అని ఆయన్ని అడిగారు, ఉందనగానే మాటల్లో పెడుతూ కనిపెట్టుకుని ఉన్నారు. ఆ నొప్పిలోనూ మావారు 1932 సంగతి ఎత్తారు! ఆవిడ తండ్రి ఆ రోజుల్లో అదే కొండ మీద కాపలావాళ్ళ కళ్ళుగప్పి తిరిగేవారట. ఇద్దరూ కబుర్లలో పడ్డారు. నేను మాత్రం దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను.

మౌంటెన్ రెస్క్యూ వాళ్ళ గురించి రెండు ముక్కలు. వాళ్ళకి జీతాల్లేవు, అందరూ వాలంటీర్లే. ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుంటూ, కబురు రాగానే వదిలేసి వస్తారు. మన దగ్గర ఒక్క పైసా తీసుకోరు, విరాళాల మీదే నడుస్తారు. నొప్పి తగ్గడానికి గొట్టంతో పీల్చే గ్యాస్ ఇచ్చి, కాలు కట్టి, ఆయన్ని సంచీలాంటి దాంట్లో చుట్టి స్ట్రెచర్ మీద అంత మెట్లదారీ దించుకొచ్చారు. మావారు తేలికైన మనిషి కారు. వాళ్ళకి నమస్కారం పెట్టడం తప్ప నాకేం చేతనవుతుంది?

రోడ్డు దాకా తెచ్చాక అంబులెన్సు రావడానికి ఇంకా టైముంది. ఆయన్ని రెస్క్యూ బండిలో వెచ్చగా పడుకోబెట్టారు. నాకు వణుకు ఆగడం లేదు. ఆయనకి వచ్చిన భయమేమీ లేదు, ముందు ఈవిడ తడిబట్టలు మార్చండి అని వాళ్ళంటే, పెద్దావిడ నన్ను దగ్గరలోనే ఉన్న వాళ్ళింటికి తీసుకెళ్ళారు.

వంటింట్లో పొయ్యి దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా బురద. షూ విప్పుకుందామంటే వేళ్ళు కొయ్యబారిపోయి లేసు ముడి ఊడటం లేదు. ఆవిడ చూశారు. కుర్చీ పట్టుకుని, మోకాళ్ళు నొప్పి పెడుతుంటే ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా నేల మీద కూర్చున్నారు. నా కాలు తన ఒళ్ళోకి తీసుకున్నారు.

నేను గబుక్కున వెనక్కి లాక్కోబోయాను. నాకంటే కనీసం పదేళ్ళు పెద్ద. పెద్దవాళ్ళచేత కాళ్ళు పట్టించుకుంటే ఎంత పాపమో చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాళ్ళం. వద్దు వద్దు అంటున్నాను, తెలుగులో. ఆవిడ మడమ గట్టిగా పట్టుకుని వదల్లేదు. లేసులు విప్పి, బురద సాక్సులు ఊడదీసి, వేడినీళ్ళలో ముంచిన టవల్‌తో పాదం తుడిచారు. వేళ్ళ మధ్య కూడా, ఒక్కొక్క వేలూ. మెట్టెలు కదిలితే సరిచేశారు.

కొండ మీద నాకు ఏడుపు రాలేదు. స్ట్రెచర్ మీద ఆయన ముఖం పాలిపోయి ఉన్నప్పుడు కూడా రాలేదు. అక్కడ మాత్రం ఆగలేదు. మా అమ్మ పోయాక అలా ఏడవలేదేమో. ఆవిడ ఊరుకోమనలేదు. రెండో కాలు తీసుకుని దాని పని మొదలుపెట్టారు, అంతే. తర్వాత తన ఉన్ని సాక్సులు తొడిగారు, స్వెట్టరూ ప్యాంటూ ఇచ్చారు. అవును, అరవై దాటాక ప్యాంటు వేసుకున్నాను, ఫొటో లేదు, అడగకండి. నా చీర పిండి, మడతపెట్టి, సంచిలో పెట్టి ఇచ్చారు.

అంబులెన్సు వెనకాలే తన కారులో నన్ను షెఫీల్డ్ ఆసుపత్రికి తీసుకొచ్చారు. అమ్మాయి వచ్చేదాకా నా పక్కనే కూర్చున్నారు. బయల్దేరేటప్పుడు నేను వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, కళ్ళు తిరిగి పడిపోతున్నాననుకుని భుజాలు పట్టుకుని నర్సుని కేకేశారు! అమ్మాయి విషయం చెప్పాక ఆవిడ ముఖం ఎర్రబడిపోయింది. ఏమీ అనకుండా నా చెంప మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు. చీకట్లో, ఆ కొండదారిలో, ఒక్కరే.

అమ్మాయీ అల్లుడూ సెలవు పెట్టి చూసుకుంటున్నారు, హైదరాబాద్ నుంచి అబ్బాయి డబ్బు పంపాడు. వాళ్ళకి వేరే థాంక్స్ ఏమిటి.

ఇక ఇది రాయకూడదనుకున్నాను గానీ కడుపు మండిపోతోంది. ఇక్కడ ఎమర్జెన్సీలో చూసినందుకు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు. కానీ వార్డులో చేర్చుకుని ఆపరేషన్ చేస్తే మాలాంటి విజిటర్లకి వాళ్ళ మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. అందుకేగా బయల్దేరేముందు అంత ప్రీమియం కట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం. ఆ టోల్ ఫ్రీ నంబరు ఇక్కడి ఫోన్ నుంచి కలవదు. మా అన్నయ్య గుంటూరు నుంచి కలిపితే మొదటి ప్రశ్న, షుగరున్న సంగతి ముందే చెప్పారా అని. చెప్పాం, కాగితం ఉంది. షుగరుకీ రాయి మీద కాలు జారడానికీ ఏం సంబంధమో వాళ్ళకే తెలియాలి. రెండోది ఇంకా ఘోరం. ఆసుపత్రి కాగితాల్లో 'మౌంటెన్ రెస్క్యూ' అన్న మాట ఉందట. పర్వతారోహణ సాహసక్రీడ కాబట్టి పాలసీలో రాదట! కొండ పైకి వెళ్ళనే లేదు, వెళ్ళినా అది మొత్తం 636 మీటర్లు. తిరుమల కొండే అంతకన్నా ఎత్తు. మరి అలిపిరి మెట్లెక్కే ముసలమ్మలంతా పర్వతారోహకులేనా? ముక్కూ మొహం తెలియని మనిషి గాలికి అడ్డం కూర్చుంది. డబ్బు పుచ్చుకున్నవాళ్ళు ఒక్క పదం పట్టుకుని తప్పించుకుంటున్నారు. ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినడానికి మనకి ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ ఉన్నారు కదా, అక్కడికి రాసిన అనుభవం ఎవరికైనా ఉంటే దయచేసి కింద చెప్పండి. ఏ ఏ కాగితాలు కావాలో తెలిస్తే ఇక్కడినుంచే తీసుకొస్తాం.

అయ్యో, కేరళ నర్సు! రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి, వార్డులో ఆయన ఏమీ తినడం లేదని తన డబ్బాలోంచి పెరుగన్నం పెట్టింది. మీ చేతికి పుణ్యం తల్లీ.

పరుగెత్తిన అబ్బాయి సరే, వాడి స్నేహితుడు కూడా ఉన్నాడు, తన జాకెట్ మావారి తలకింద పెట్టి బనియన్లాంటి చొక్కాతో వణుకుతూ నిలబడ్డాడు. ఆ జాకెట్ మాతోనే వచ్చేసింది. పెద్దావిడ వాళ్ళ యూనివర్సిటీ క్లబ్బు ద్వారా అందజేస్తానన్నారు. ఫోన్ చేసుకోనిచ్చిన పొలం వాళ్ళకి, అందరికీ టీ పంపించినందుకు కూడా. స్టేషన్ దగ్గర మా రిటర్న్ టికెట్ల గురించి కంగారుపడొద్దని చెప్పినాయనకి. ఇంటర్‌ప్రెటర్ దొరక్కపోతే వీడియో కాల్‌లో డాక్టరు మాటలు నాకు తెలుగులో చెప్పిన మా అమ్మాయి ఆఫీసు కొలీగ్ నెల్లూరు అబ్బాయికి. సాంబారు పంపిన పక్కింటి వాళ్ళకి, గిన్నె రేపు ఇచ్చేస్తాను.

ఇంకెవరినైనా మర్చిపోతే కోప్పడకండి, గుర్తొచ్చినప్పుడు చేరుస్తాను. మావారు లేచారు, మందుల టైమయింది.