నాలుగో తరగతి చదివిన నాయకురాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

మార్కుల కార్డులు పిల్లల చేతికిచ్చి పంపాం. చూసి, సంతకం చేసి సోమవారంలోగా తిప్పి పంపండి. సిలబస్ ఎంతవరకు వచ్చిందో క్లాసు టీచర్లు చెబుతారు. ఈ నెల ఉత్తరంలో నేను మాత్రం మీకు ఒక మనిషిని పరిచయం చేయాలనుకుంటున్నాను.

తొమ్మిదో తరగతి పిల్లలు ఆఫ్రికా దేశాల స్వాతంత్ర్య పోరాటాల మీద ప్రాజెక్టు చేస్తున్నారు. టాంజానియాకు చెందిన నైరేరే, ఘానాకు చెందిన ఎన్‌క్రుమా, కెన్యాకు చెందిన కెన్యట్టా పేర్లు వాళ్ళకు వెంటనే దొరికాయి. మరి ఆడవాళ్ళెవరూ లేరా అని సోషల్ టీచరుగారు అడిగితే, వారం రోజులు వెతికి బీబీ తీతీ మొహమ్మద్ పేరు పట్టుకొచ్చారు. ఇప్పటి టాంజానియాలో ప్రధాన భూభాగం ఆ రోజుల్లో టాంగన్యీకా. ఐక్యరాజ్యసమితి తరఫున బ్రిటిష్ వాళ్ళు ఏలుతుండేవారు. ఆ దేశ స్వాతంత్ర్యం గురించి మాట్లాడేటప్పుడు నైరేరే పక్కనే చెప్పుకోవలసిన పేరు ఆమెది. నా మటుకు నేను ఈ పిల్లల వల్లే ఆమె గురించి వివరంగా చదివాను.

ఆమె 1926లో అప్పటి రాజధాని దారెస్సలాంలో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టారు. బడిలో చదివింది నాలుగేళ్ళే. ఈడేరగానే గడప దాటనివ్వలేదు, పద్నాలుగో ఏట పెళ్ళి చేశారు. ఇది ఎక్కడో జరిగిన కథ అనిపించదు నాకు. పదో తరగతి అవగానే అమ్మాయి టీసీ ఇచ్చేయమని నా గదికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఆమెకు మంచి గొంతు ఉండేది. దారెస్సలాంలో ఆడవాళ్ళు బృందాలు కట్టి పెళ్ళిళ్ళలో, పండగల్లో ఆడిపాడేవారు. ఆ బృందాలను న్గోమాలు అంటారు. ‘బొంబా’ అనే న్గోమాలో పాట ఎత్తుకునేది ఆమే. ఒక్కో బృందానికి ఒక పెద్ద ఉండేది. రకరకాల తెగల ఆడవాళ్ళు ఉమ్మడి భాష అయిన స్వాహిలీలో మాట్లాడుకుంటూ అక్కడ కలిసేవారు. పార్టీలు, జెండాలు రాకముందే అక్కడ ఆడవాళ్ళ మధ్య అంత పెద్ద సంబంధాల అల్లిక ఉండేదన్నమాట. అది రాజకీయానికి పనికొస్తుందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

1954 జూలై 7న స్వాతంత్ర్యం కోసం ‘టాను’ (టాంగన్యీకా ఆఫ్రికన్ నేషనల్ యూనియన్) పార్టీ పుట్టింది. దాని నాయకుడు జూలియస్ నైరేరే బడిపంతులు. మరుసటి ఏడాది ఉద్యోగమో రాజకీయమో తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఆయన ఉద్యోగం వదులుకున్నారు. బీబీ తీతీ, ఆమె భర్త తొలి రోజుల్లోనే సభ్యత్వం తీసుకున్నారు. 1955లో బ్రిటన్ లేబర్ పార్టీకి చెందిన జాన్ హాచ్ అక్కడికి వచ్చి, మీ పార్టీలో ఆడవాళ్ళు ఎక్కడున్నారని ఆరా తీశారు. అప్పుడుగానీ మహిళా విభాగం మొదలవలేదు. దాని బాధ్యత బీబీ తీతీకి అప్పగించారు.

అప్పటిదాకా ఆమె పాడటమే గానీ సభలో ఉపన్యాసం ఇచ్చి ఎరగరు. నేరుగా న్గోమా పెద్దల దగ్గరికి వెళ్ళారు. మీ బృందంలో వాళ్ళందరినీ తీసుకురండి అన్నారు. మూడు నెలలు తిరిగేసరికి సుమారు 5,000 మంది ఆడవాళ్ళు పార్టీలో చేరారు!

అంతమంది అంత త్వరగా ఎలా వచ్చారని పిల్లలు అడిగారు. ప్రభుత్వ ఉద్యోగులు పార్టీలో చేరకూడదని బ్రిటిష్ వాళ్ళ ఉత్తర్వు ఉండేది. చదువుకున్న మగవాళ్ళలో చాలామందికి ఉద్యోగం పోతుందన్న భయం. ఈ ఆడవాళ్ళకు పోయే ఉద్యోగాలు లేవు. మాండాజీలు (నూనెలో వేయించే తీపి రొట్టెలు) వేయించి అమ్మేవాళ్ళు, బీరు కాచి అమ్మేవాళ్ళు, చిన్నచిన్న బేరాలు చేసుకునేవాళ్ళు. చేతిలో తమ సొంత డబ్బులు నాలుగు ఉండేవి. సభ్యత్వ కార్డు వాటితోనే కొనుక్కున్నారు. పార్టీకి చందాలు పోగుచేశారు, సభలకు జనాన్ని కదిలించారు. ఈ కథలో నన్ను ఎక్కువగా కదిలించింది ఈ భాగమే. బీబీ తీతీ నైరేరేతో కలిసి ఊరూరా తిరిగి స్వాహిలీలో మాట్లాడారు. 1961 డిసెంబరు 9న టాంగన్యీకా స్వతంత్రమైంది.

ఆ తర్వాతి కథ పిల్లలకు చెప్పాలా వద్దా అని టీచర్లం చర్చించుకున్నాం. చెప్పాలనే నిర్ణయించాం. ఆమె పార్లమెంటు సభ్యురాలయ్యారు, ఉపమంత్రి అయ్యారు. 1962లో ఏర్పడిన దేశవ్యాప్త మహిళా సంఘానికి నేతృత్వం వహించారు. 1967లో దేశాధ్యక్షుడు నైరేరే చేసిన అరూషా ప్రకటనతో (అది ఆయన సోషలిస్టు విధానాల ప్రకటన) నాయకులెవరూ ఇళ్ళు అద్దెకివ్వకూడదనే నియమం వచ్చింది. ఆమె ఒప్పుకోలేదు, పార్టీ పదవి వదిలేశారు. 1969లో ప్రభుత్వాన్ని కూల్చే కుట్ర చేశారన్న ఆరోపణపై అరెస్టయ్యారు. తాను ఏ తప్పూ చేయలేదన్నారు. కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 1972లో నైరేరే క్షమాభిక్షతో విడుదలయ్యారు. తర్వాత చాలా ఏళ్ళు ఆమెను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1991లో స్వాతంత్ర్యానికి 30 ఏళ్ళు నిండిన సందర్భంలో మళ్ళీ ఆమెను వీరనారిగా తలచుకున్నారు. 2000 నవంబరులో కన్నుమూశారు. దారెస్సలాంలో ఒక పెద్ద రోడ్డుకు ఇప్పుడు ఆమె పేరుంది. కలిసి పోరాడిన మనిషినే నైరేరే ప్రభుత్వం ఎందుకు జైల్లో పెట్టిందని ఒక అమ్మాయి గట్టిగా నిలదీసింది. ఇద్దరి పక్షాలూ బోర్డు మీద రాసి, క్లాసు మొత్తం వాదించుకోనిచ్చాం. ఇంకా తేలలేదు, తేలనక్కర్లేదు కూడా.

ఇక అమ్మలకు ఒక మాట. పేరెంట్స్ మీటింగుకు వచ్చి వెనక బెంచీలో కూర్చుని, “నాకు చదువు రాదు మేడమ్, ఆయన్ని అడగండి” అంటుంటారు. మీ అమ్మాయి ఎప్పుడు దిగులుగా ఉంటోందో, అబ్బాయి ఎవరితో తిరుగుతున్నాడో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఈసారి ముందు మీరే మాట్లాడండి. నాట్ల పాటలు, పెళ్ళి పాటలు వచ్చిన నాయనమ్మలు, అమ్మమ్మలు ఉంటే వాళ్ళనూ వెంటబెట్టుకు రండి. పిల్లలు ఆ పాటలు రాసుకుని, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పనిలో పాడేవారో అడిగి ప్రాజెక్టులో చేరుస్తారు.

మీటింగు రెండో శనివారం ఉదయం పది గంటలకు. ప్రాజెక్టు చార్టులు నెలాఖరు దాకా లైబ్రరీ గదిలో ఉంటాయి. కూలి పనుల వల్ల పొద్దున రాలేనివాళ్ళు సాయంత్రం ఐదింటికి రావచ్చు, నేను, క్లాసు టీచర్లు ఉంటాం. నడవలేని పెద్దవాళ్ళు ఉంటే ముందు రోజు పిల్లలతో చెప్పి పంపండి, బడి ఆటో పంపిస్తాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు