కయాక్‌కు చప్పుడు లేకపోవడమే చిక్కు

సంపాదకులకు నమస్కారం.

తెడ్డుతో నడిపే సన్నని పడవ, సముద్రపు కయాక్ గురించి పర్యాటక పేజీల్లో ఏది రాసినా ఒక మాట తప్పకుండా ఉంటుంది. ఇంజను లేదు, పొగ లేదు, చప్పుడు లేదు, కాబట్టి తీరంలోని జీవాలకు దీనివల్ల ఏ ఇబ్బందీ లేదని. కయాక్ నడిపేవాళ్లం కనుకే ఈ మాట సరికాదని చెప్పాల్సిన బాధ్యత మాది. చప్పుడు లేకపోవడం వల్లే ఇబ్బంది. ఆర్కిటిక్ తీరాల మూలవాసులైన ఇన్యూట్‌లు ఈ పడవను తయారు చేసుకున్నదే సీల్ అనే సముద్ర జంతువుకు వినపడకుండా దాని దగ్గరికి చేరి వేటాడడానికి. నీటికి ఆనుకుని, సన్నగా, నిశ్శబ్దంగా తిన్నగా మీదికి వచ్చే ఆకారం వేటగాడిది. మోటారు పడవ చాలా దూరం నుంచే వినపడుతుంది, అది ఎటు పోతోందో జంతువుకు అర్థమవుతుంది. కయాక్ అలా కాదు, రాతి మలుపు తిరిగి ఒక్కసారిగా యాభై మీటర్లలో ప్రత్యక్షమవుతుంది. ఎండకు పడుకున్న సీళ్ల గుంపు మొత్తం నీళ్లలోకి దూకేది అప్పుడే.

చూసేవాళ్లకు ఆ దూకడం ఒక దృశ్యం. సీల్‌కు మాత్రం నష్టం. పాత వెంట్రుకలు రాలి కొత్తవి వచ్చే రోజుల్లో దాని చర్మం వెచ్చగా ఉండాలి, అందుకే గంటల తరబడి గట్టున ఉంటుంది. గ్రే సీల్ పిల్ల పుట్టాక దాదాపు మూడు వారాలు గట్టునే ఉండి తల్లిపాల మీద బతుకుతుంది. తల్లి బెదిరి నీళ్లలోకి పోతే పిల్ల ఒంటరవుతుంది, గుంపు ఒక్కసారిగా కదిలితే పెద్దవాటి కింద నలిగిపోతుంది. కొండ అంచుల్లో గుడ్డు పెట్టే గిల్లెమాట్ పక్షికి గూడే ఉండదు. రాతి మీద పెట్టిన ఒకే ఒక్క గుడ్డును పాదాల మీద ఉంచుకుని పొదుగుతుంది. అది ఉలిక్కిపడి లేస్తే గుడ్డు జారి కింద పడుతుంది. కొండ అడుగున, నీడలో, సరిగ్గా ఆ అంచుల కిందుగా పోవడమే కయాక్ నడిపేవాళ్లకు ఇష్టం.

సముద్రపు నీరు నేలలోకి చొచ్చుకొచ్చే ఖాడీల దగ్గర పొరపాటు మరో రకంగా జరుగుతుంది. బురద మేటల్లో మేసే ఉల్లంకి పిట్టల్లాంటివి నీరు తగ్గినప్పుడు తింటాయి, పోటు నిండినప్పుడు మిగిలిన కాస్త ఇసుకతిన్నె మీద గుంపుగా నిలబడి కునుకు తీస్తాయి. కయాక్‌కు లోతు చాలేదీ పోటు నిండినప్పుడే. అంటే వాటి విశ్రాంతి వేళే మన విహార వేళ అవుతోంది. వాటికి వెళ్లడానికి వేరే చోటు ఉండదు, లేచిన ప్రతిసారీ తిన్నది ఖర్చయిపోతుంది. పోటు నిండే వేళకు అటూ ఇటూ రెండు గంటలు అలాంటి తిన్నెల వైపు పోకూడదు. సగం ఆటులో, కాలువ మధ్యలో ఉండి చూడడం మేలు. ఇక్కడ మన సంగతీ చూసుకోవాలి. ఆటుపోట్లలో నీరు ఒకే వేగంతో దిగదు. ఆరు గంటల్లో మొదటి గంటలో మొత్తంలో పన్నెండో వంతు, రెండో గంటలో అలాంటి రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత మళ్లీ రెండు, ఒకటి. మొత్తం తేడా 3 మీటర్లయితే మూడో గంట ఒక్కదానిలోనే 75 సెంటీమీటర్లు దిగిపోతుంది. పక్షులను చూస్తూ పక్క పాయలో ఉండిపోతే కయాక్ బురదలో కూర్చుంటుంది. తొడలోతు బురదలో దిగి లాగే ప్రయత్నం ప్రమాదం. మళ్లీ పోటు వచ్చేదాకా పడవలోనే కూర్చోవాలి. అమావాస్యకు, పౌర్ణమికి ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

దూరం గురించి స్పష్టంగా చెప్పాలి. అమెరికాలో అధికారిక సూచన తిమింగలాలకు 100 గజాలు, సీళ్లకు, డాల్ఫిన్లకు 50 గజాలు. ఆ 50 గజాలు కయాక్‌కు చాలవని మా అభిప్రాయం. గట్టున ఉన్న సీళ్లకైనా, గూళ్లున్న పక్షులకైనా 100 మీటర్లు కనీసం ఉండాలి. నీటి మీద దూరం అంచనా వేయడం కష్టం, అందరూ తక్కువగానే దూరం పాటించి ఎక్కువనుకుంటారు. ముందే నిమ్మళమైన నీటిలో అలవాటు చేసుకోవచ్చు. సుమారు 5 మీటర్ల కయాక్‌ను అడ్డంగా నిలిపి చూస్తే, చాచిన చేతి రెండు వేళ్ల వెడల్పులో అది సరిగ్గా దాగితే దాదాపు 100 మీటర్లు. రెండు మూడుసార్లు చేస్తే కంటికి పట్టుబడుతుంది.

కయాక్ ముక్కును జంతువు వైపు పెట్టి తిన్నగా పోకూడదు. పక్కగా, గట్టుకు సమాంతరంగా, ఆగకుండా సాగిపోవాలి. తెడ్డును పైకెత్తి తిప్పితే తడిసిన రెక్క ఎండకు తళుక్కుమంటుంది, దాన్ని నీటికి దగ్గరగా ఉంచాలి. మలుపు దగ్గర మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ వెళ్లడమే మంచిది, మనం వస్తున్నట్టు వాటికి ముందే తెలుస్తుంది. స్నేహితులంతా కలిసి వెళ్లినప్పుడు జరిగేది ఏమిటంటే, ఎవరికి వారు మంచి చోటు వెతుక్కుంటూ విడిపోతారు. ఐదు కయాక్‌లు తెలియకుండానే అర్ధచంద్రంలా జంతువును చుట్టుముడతాయి. అందరూ ఒకే పక్కన, దగ్గర దగ్గరగా ఉండాలి, దానికీ లోతు నీటికీ మధ్య దారి తెరిచి ఉంచాలి. సీళ్లు తలలెత్తి మనవైపు చూస్తే అప్పటికే దగ్గరైనట్టు. నీటివైపు పొట్టతో జరగడం మొదలైతే ఆలస్యమైనట్టు. పక్షులు మెడ నిక్కించడం, కూత పెంచడం కూడా అంతే. ఆ క్షణంలో ఫొటో కోసం ఆగకుండా మెల్లగా దూరం జరగాలి.

తిమింగలాల విషయంలో నిశ్శబ్దం మనకే ముప్పు. మనం ఉన్నట్టు దానికి తెలియకపోతే మన కిందే పైకి రావచ్చు. దగ్గర్లో ఉందని అనుమానం వస్తే తెడ్డు పిడితో పడవ పక్కన తట్టాలి. చిన్న చేపలు నీటి మీద చిటపటలాడుతూ ఎగురుతుంటే, పైన పక్షులు గుంపుగా మూగితే ఆ చోటికి అసలు పోకూడదు. 2020 నవంబరులో కాలిఫోర్నియాలోని అవిలా బీచ్ దగ్గర ఇద్దరు స్త్రీలు కయాక్‌తో సహా హంప్‌బ్యాక్ తిమింగలం నోట్లో ఇరుక్కుని బయటపడింది అలాంటి చేపల గుంపు మధ్యనే. ఆ తిమింగలం దాడి చేయలేదు, చేపలు మేస్తోంది.

ఇక మనుషుల భద్రత. జంతువులను చూసే విహారంలో మామూలు కయాకింగ్‌కు లేని ప్రమాదం ఒకటుంది: ఆగడం. తెడ్డు ఒళ్లో పెట్టుకుని బైనాక్యులర్స్‌లో చూస్తుంటే గాలి పడవను మోసుకుపోతుంది. ఓ మాదిరి గాలికే పావుగంటలో రెండు మూడు వందల మీటర్లు జరిగిపోవచ్చు. గాలి గట్టు నుంచి సముద్రంలోకి వీస్తుంటే సంగతి మరీ మోసం, ఎందుకంటే గట్టు పక్కన నీరు అద్దంలా ఉంటుంది, దూరం పోయేకొద్దీ అలలు పెరుగుతాయి. 1993 మార్చి 22న ఇంగ్లండ్‌లోని లైమ్ బే దగ్గర అనుభవం లేని విద్యార్థుల బృందం కయాక్‌లలో బయల్దేరి గాలికి సముద్రంలోకి కొట్టుకుపోయింది. నలుగురు చనిపోయారు. 1995లో బ్రిటన్ పిల్లల సాహస శిక్షణ కేంద్రాల భద్రతకు ప్రత్యేక చట్టం చేసింది ఆ విషాదం తర్వాతే.

అందుకని ఆగిన ప్రతిచోటా బృందంలో ఒకరు మాత్రం జంతువును చూడడం మానాలి. వాళ్లు గట్టుమీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులను, ఒక బండ, దాని వెనక ఒక చెట్టు, ఇలా ఎంచుకుని అవి పక్కకు విడిపోతున్నాయేమో కనిపెట్టాలి. విడిపోతే మనం జరిగిపోతున్నట్టే. ఈ పని వంతులవారీగా మారాలి. గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి, అంటే గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బోఫర్ట్ కొలతలో 3, కొత్తవాళ్లున్న బృందానికి హద్దు. నీటి మీద తెల్ల నురగలు ఎటు చూసినా కనిపిస్తే 4కు చేరినట్టు, వెనక్కి తిరగాలి. బృందం వేగాన్ని అందరిలోకీ నిదానమైనవారిని బట్టి గంటకు 4 కిలోమీటర్లుగా లెక్క వేసుకోవాలి, ఆగే సమయం దానికి అదనం. ప్రవాహానికి ఎదురుగా గాలి వీస్తే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. వెళ్లేటప్పుడు సాఫీగా ఉన్న చోటే ఆటు మొదలయ్యాక కయాక్‌ను తిరగేస్తుంది.

సామానులో ప్రాణం తీసే తప్పులు చిన్నవే. నడుముకూ పడవ అంచుకూ బిగించే స్ప్రే స్కర్ట్‌కు ముందు ఒక పట్టీ ఉంటుంది, బోల్తా పడితే దాన్ని లాగి బయటికి రావాలి. ఆదరాబాదరాగా బిగించినప్పుడు ఆ పట్టీ లోపలికి మడతపడుతుంది. గట్టు వదిలే ముందు పక్కవాళ్లు దాన్ని చేత్తో తాకి చూడాలి. బైనాక్యులర్స్ పట్టీ మెడలో ఉంటే ఇదే చిక్కు, నీళ్లలో దేనికైనా చుట్టుకుంటుంది. దాన్ని డెక్ మీది, అంటే పడవ పైభాగం మీది సంచిలో పెట్టి చిన్న తాడుతో కట్టాలి. పది రెట్లు చూపేది పడవ ఊపుకు పనికిరాదు, ఏడు ఎనిమిది రెట్లు చాలు. రెండు కయాక్‌లు పక్కపక్కన పట్టుకుని నిలబెడితే చూపు ఇంకా స్థిరంగా ఉంటుంది. సముద్రంలో సాయం కోరడానికి వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో, ఈల లైఫ్ జాకెట్ జేబులో ఉండాలి. పడవ అరలో ఉన్న రేడియో నీళ్లలో పడ్డవాడికి అందదు.

బోల్తా పడినవారిని ఎక్కించడం మాటల్లో తెలుసుకుంటే చాలదు. రక్షించేవారు ఆ కయాక్ ముక్కు దగ్గరికి అడ్డంగా వచ్చి, ముక్కును తమ డెక్ మీదికి లాగి నీరు ఒలకబోసి, తిప్పి నిలబెట్టి, రెండు కయాక్‌లనూ పక్కపక్కన పట్టుకుంటారు. పడినవారు వెనక డెక్ మీదికి పొట్టతో పాకి, కాళ్లు లోపలికి జార్చి కూర్చుంటారు. వెనకా ముందూ మూసిన అరలు లేని పడవకు ఇది కుదరదు, ముక్కెత్తినా సగం నీరు లోపలే ఉండిపోతుంది. బృందంలో ప్రతి ఇద్దరూ గట్టు పక్కన దీన్ని చేసి చూపాకే సముద్రంలోకి పోవాలి. చల్లటి నీటిలో అయితే పడిన పది నిమిషాల్లో చేతులు పట్టు కోల్పోతాయి, నేర్చుకునే వ్యవధి అప్పుడు ఉండదు.

మీ పత్రికకు మాదొక విన్నపం. సీల్ పక్కనే కయాక్ ముక్కు కనిపించే ఫొటోలు వేయకండి. అలాంటి ఒక్క ఫొటో ఎందరినో అంత దగ్గరికి పంపుతుంది. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసినదైతే ఆ సంగతి, ఎన్ని మీటర్ల నుంచి తీశారన్నదీ ఫొటో కిందనే అచ్చువేయండి.

ఇట్లు,
సముద్రపు కయాక్ నడిపే కొందరు పాఠకులు